విశాఖలో 71.11 శాతం: బద్ధకం మనదా, జాబితాదా?

సీతమ్మధార శ్రీను:
2024 ఎన్నికల ఫలితాలు వచ్చాయి, టపాసులు కాలాయి, ప్రమాణ స్వీకారాల సందడీ సద్దుమణిగింది. నాకు మాత్రం ఒక ముల్లు గుచ్చుకునే ఉంది. తపాలా ఓట్లతో కలిపి రాష్ట్రంలో పోలింగు 81.86 శాతం. పాతిక లోక్‌సభ స్థానాల్లో అన్నిటికంటే పైన ఒంగోలు, 87.06. అన్నిటికంటే అడుగున మనం, 71.11. మా బావమరిది ఒంగోలువాడు. అప్పటి నుంచి ఎప్పుడు ఫోను చేసినా ‘బావా, ఓటు రోజున ఆర్కే బీచిలో అలలు బాగున్నాయా’ అనే అడుగుతున్నాడు.

ఉక్రోషం పట్టలేక ఒక పని చేశాను. మా అపార్ట్‌మెంటు డోరు నంబరు మీద ఉన్న ఓటర్ల జాబితా ముందేసుకుని, వాచ్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, పేరుపేరునా టిక్కు పెట్టుకుంటూ వెళ్లాను. జాబితాలో 61 పేర్లు. నిజంగా ఇక్కడ ఉంటున్నవాళ్లు 38 మంది. మిగతా 23 మందిలో ఇద్దరు కాలం చేశారు. ఒక కుటుంబం కొచ్చికి బదిలీ అయి నాలుగేళ్లు దాటింది. పై అంతస్తు కుర్రాళ్లు ముగ్గురూ బెంగళూరులో ఉన్నారు. ఒకమ్మాయి పెళ్లయి అమెరికా వెళ్లింది. 202లో అయితే ఎవరూ ఎన్నడూ వినని పేరొకటి ఉంది. ‘ఆ పేరు గల మనిషి ఈ మెట్లు ఎక్కలేదు సార్’ అని వాచ్‌మన్ ఒట్టు వేశాడు.

ఉన్న 38 మందిలో 34 మంది వేలికి సిరా గుర్తుతో తిరిగారు. ఇప్పుడు లెక్క కట్టండి. 61కి 34 అంటే 56 శాతం కూడా లేదు. 38కి 34 అంటే 89 శాతం. ఒంగోలును దాటేశాం! చెప్పండి, బద్ధకం మాదా, జాబితాదా?

లెక్కల మాస్టారు:
శ్రీను గారూ, లవం బాగానే ఉంది, హారమే పాడైంది అంటారు. సగం ఒప్పుకుంటాను. ఊరు పెద్దదయ్యే కొద్దీ జాబితాలో పాత పేర్లు పేరుకుపోతాయి. పల్లెలో మనిషి పోతే పెద్దకర్మ నాటికి ఊరంతటికీ తెలుస్తుంది. మన దగ్గర పక్క ఫ్లాటులో ఎవరు మారారో సామాను లారీ వచ్చిన రోజే తెలుస్తుంది. హైదరాబాదు లోక్‌సభ స్థానంలో పోలింగు 50 కూడా తాకలేదు, అక్కడా ఇదే కథ.

కానీ మీ ఒక్క మేడతో ఊరంతా కొలవకండి. జాబితాకు తగ్గ బద్ధకం కూడా మన దగ్గర ఉంది. మే 11 రెండో శనివారం, 12 ఆదివారం, 13 సోమవారం పోలింగు. వరసగా మూడు రోజులు సెలవులు దొరికితే జనం ఏం చేస్తారో నాకు తెలుసు. మా వీధిలో నాలుగు కార్లు శనివారం ఉదయమే కదిలాయి.

బొబ్బిలి వీణ:
ఆ కదిలిన కార్లు ఎటు వెళ్లాయో చూశారా మాస్టారూ? నేను మధురవాడలో ఉండి తొమ్మిదేళ్లు. ఓటు ఇప్పటికీ బొబ్బిలి పక్క మా ఊళ్లోనే. శనివారం రాత్రి ద్వారకా బస్టాండులో నిలబడి ఉంటే తెలిసేది. పాలకొండ బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదకు రాకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, చేతిసంచులు లోపలికి పడిపోయాయి. ఒకాయన అయితే తన చెప్పు ఒకటి సీటు మీదకు విసిరి, ఒంటి చెప్పుతో తలుపు వైపు పరుగెత్తాడు. విజయనగరం వరకు నేను నిలబడే వెళ్లాను. పక్కన ఒక తాపీమేస్త్రి దంపతులు, వాళ్ల చేతిలో పిల్ల. ‘రెండు రోజుల కూలి పోతుంది కదా’ అని అడిగితే ఆమె అంది: ‘ఓటు వేయకపోతే ఊళ్లో మా పేరు కొట్టేస్తారమ్మా, తరవాత ఏ కాగితమూ రాదు.’ ఒక్కసారి ఓటు వేయనంత మాత్రాన పేరు తీసేయరని చెప్పాను. ఆమె నమ్మలేదు.

నా మాట ఏమిటంటే, నేను విశాఖలో బతుకుతున్నాను కానీ విశాఖ లవంలోనూ లేను, హారంలోనూ లేను. మా ఊళ్లో రెండిట్లోనూ ఉన్నాను. ఇలా రాగలిగినవాళ్లం వచ్చాం. చెన్నైలో, హైదరాబాదులో కట్టడం పనుల్లో ఉన్నవాళ్లు అందరూ రాలేరు కదా. శ్రీకాకుళం స్థానంలో పోలింగు రాష్ట్ర సగటు కంటే బాగా తగ్గడానికి నాకు కనిపించే కారణం అదే. వలస మనిషి ఊళ్లో శాతాన్నీ తగ్గిస్తాడు, పట్నంలో పేరుంటే అక్కడా తగ్గిస్తాడు.

బురుజుపేట టీచరు:
వీణమ్మా, పేరు ఒక్కచోటే ఉంచుకున్నావు, మంచి పని చేశావు. రెండు చోట్ల ఉంచుకోవడం చట్టరీత్యా కుదరదు. కానీ చాలామంది కొత్త చోట ఫారం 6 ఇచ్చి కొత్త ఓటరుగా చేరిపోతారు, పాత పేరు అలాగే ఉండిపోతుంది. ఇల్లు మారితే ఇవ్వవలసింది ఫారం 8. ఈ చిన్న పొరపాటు వల్లే సగం జాబితా ఉబ్బిపోతుంది.

ఒకటే మాట:
ఇవన్నీ సరే. పోలింగు రోజు సాయంత్రం అయిదింటికి రాష్ట్రంలో 68 శాతం అన్నారు. ఆ తరవాత ఈవీఎం ఓట్లే 80.66 అన్నారు. నడుమ పన్నెండు శాతం ఆకాశం నుంచి ఊడిపడిందా? దీనికి ఎవరూ జవాబు చెప్పరు.

బురుజుపేట టీచరు:
నేను చెబుతాను. ఆ రోజు నేను పీవోను, పోలింగు కేంద్రం అధికారిని. నగరంలోనే ఒక బడిలో మా కేంద్రం. సాయంత్రం అయిదింటి లెక్క అంటే అయిదింటి వరకు వేసిన ఓట్లను ఫోనులో చెప్పిన అంకె. అప్పటికి బయట వరస గేటు దాటి, కిళ్లీ కొట్టు దాకా ఉంది. పగలంతా ఎండకు జడిసి ఇంట్లో ఉన్నవాళ్లు నాలుగు దాటాక ఒక్కసారిగా వచ్చారు. ఆరింటికి గేటు మూయించి చీటీలు పంచాం. చీటీలు ఎక్కడి నుంచి మొదలుపెడతారో తెలుసా? వరసలో చివర నిలబడిన మనిషి నుంచి. ఒకటో నంబరు ఆయనది. అలా ముందుకు వస్తారు. ఎందుకంటే ముందు నుంచి పంచితే చివర మనుషులు చేరిపోతూనే ఉంటారు. మా దగ్గర 143 చీటీలు తెగాయి.

ఒక్కొక్కరూ రెండు ఓట్లు వేయాలి. తెల్ల బ్యాలెట్టు లోక్‌సభకు, గులాబీది అసెంబ్లీకి. రెండు చోట్లా బటను నొక్కాలి, వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపించే దాకా ఆగాలి. పెద్దవాళ్లు ‘ఇంకొకటి కూడానా అమ్మా’ అని వెనక్కి తిరిగి అడిగేవాళ్లు. చివరి ఓటు పడేసరికి తొమ్మిది యాభై. ట్యూబులైటు కింద పురుగులు, బల్ల మీద సగం తిన్న పులిహోర పొట్లం, ఏజెంట్లలో ఒకాయన గోడకు ఆనుకుని గురక. క్లోజ్ బటను నొక్కి, ఆయనను లేపి, ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం మీద సంతకం పెట్టించాను. మాకు నాలుగు గంటలు అదనంగా పడితే, రాష్ట్రంలో కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటి రెండింటి వరకు సాగింది. మీరు అడుగుతున్న పన్నెండు శాతం ఆ వరసల్లో నిలబడి ఉంది.

ఒకటే మాట:
మీ ఒక్క కేంద్రం సరే మేడం. మిగతా బూతుల సంగతి?

నిర్వాహకుడు:
‘బూత్‌లు’ అని రాయండి. బూతులైతే నేను తొలగించవలసి వస్తుంది.

బురుజుపేట టీచరు:
మిగతా చోట్ల కూడా ప్రతి ఏజెంటుకూ 17సీ నకలు ఇస్తారు. అందులో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. లెక్కింపు రోజు బల్ల మీద ఆ అంకెతో సరిచూసుకోవచ్చు. తేడా ఉంటే అప్పుడే అభ్యంతరం చెప్పాలి. మీ పార్టీ ఏదో నేను అడగను. మీ ఏజెంటును ఆ కాగితం అడగండి. ఉంటే ఇక్కడ అంకెలు పెట్టండి, కూర్చుని చూద్దాం. పూర్తి అంకెలు ప్రకటించడానికి అంత ఆలస్యం ఎందుకు చేశారంటే మాత్రం నేనూ మీ పక్షమే. ఆలస్యం చేస్తే అనుమానం పుట్టదా మరి.

గాజువాక ఉక్కు:
ఎంతమంది వేశారన్నది అయింది, ఎవరికి వేశారో మాట్లాడుకుందాం. 2019లో మా గాజువాకలో పవన్ కల్యాణ్ 16,753 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2024లో అదే గాజువాకలో తెదేపా, జనసేన, భాజపా కూటమి అభ్యర్థి పల్లా శ్రీనివాసరావు మెజారిటీ 95,235. రాష్ట్రంలో అదే అతి పెద్దది. భీమిలిలో గంటా శ్రీనివాసరావుకు 92,401. టీవీలో ఒకాయన దీన్నంతా ‘ఉక్కు ఓటు’ అని తేల్చేశాడు.

నేను విశాఖ ఉక్కు ప్లాంటులో పని చేస్తాను. 2021 జనవరిలో వంద శాతం వాటా అమ్మాలన్న నిర్ణయం వచ్చినప్పటి నుంచి కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో వంతుల వారీగా కూర్చున్నవాళ్లలో నేనూ ఒకడిని. అందుకే చెబుతున్నాను, ఆ మాట నాకు రుచించదు. అమ్ముతామన్నది కేంద్రం. కేంద్రంలో ఉన్న పార్టీ ఈసారి గెలిచిన కూటమిలోనే ఉంది. పక్కన అనకాపల్లిలో కమలం గుర్తు మీదే భాజపా అభ్యర్థి సి.ఎం. రమేశ్ దాదాపు మూడు లక్షల మెజారిటీతో గెలిచారు. ఉక్కు మీద కోపమే ఓటయితే అక్కడ కమలం వాడిపోవాలి కదా? మాలో చాలామంది ‘వీళ్లయితే ఢిల్లీలో మాట్లాడగలరేమో’ అనుకుని వేశారు. కోపం పాలు తక్కువ, ఆశ పాలు ఎక్కువ. ఆ ఆశ ఏమవుతుందో చూడాలి.

సీతమ్మధార శ్రీను:
పరిపాలనా రాజధాని మాట కూడా ఉంది కదా. వైకాపా ప్రభుత్వం అయిదేళ్లూ విశాఖ పేరే జపించింది. చివరికి విశాఖే అన్నిటికంటే గట్టిగా కాదంది.

గాజువాక ఉక్కు:
రాజధాని వస్తే ఎవరి భూమి ధర పెరుగుతుందో, ఎవరి అద్దె పెరుగుతుందో జనానికి తెలుసు. మా కాలనీలో అందరూ అద్దెవాళ్లే.

లెక్కల మాస్టారు:
ఉక్కు, రాజధాని రెండూ పక్కన పెట్టి ఒక్కసారి కూడిక చేయండి. 2019లో విశాఖ లోక్‌సభ అంకెలు ఇవి: వైకాపా ఎంవీవీ సత్యనారాయణకు 4,36,906, తెదేపా శ్రీభరత్‌కు 4,32,492, జనసేన లక్ష్మీనారాయణకు 2,88,874, భాజపా పురందేశ్వరికి 33,892. తేడా 4,414. స్టేడియంలో ఒక మూల కూర్చోబెట్టగలిగినంతమంది.

ఓడిన ముగ్గురివీ కలపండి. 7,55,258. అంటే కూటమి అప్పుడే కట్టి ఉంటే, ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోకుండానే, మెజారిటీ 3,18,352 అయ్యేది. 2024లో శ్రీభరత్‌కు 9,07,467, బొత్స ఝాన్సీకి 4,03,220, తేడా 5,04,247. ఈ అయిదు లక్షల్లో మూడు లక్షల పద్దెనిమిది వేలు కూడిక వల్ల వచ్చినవి. మిగిలింది లక్షా ఎనభై ఆరు వేలు. జనం మనసు మారిందనో, కొత్త ఓటర్లు వచ్చారనో చెప్పదలిస్తే ఆ మిగిలిన దాని గురించే చెప్పాలి. అదీ చిన్నది కాదు. కానీ ‘అయిదు లక్షల మంది తిరగబడ్డారు’ అని రాసిన పత్రిక మాత్రం నా దగ్గరకు వస్తే ఎక్కాల పుస్తకం ఇస్తాను.

ఇంకొకటి. ఆ 2019లో వైకాపా గాలిలో కూడా తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగు నగర స్థానాలనూ తెదేపాయే గెలిచింది. మళ్లీ 2021లో జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ, ఎన్నికలు వచ్చేసరికి 98 వార్డుల్లో 58 వైకాపావి. ఈ ఊరు ఎవరి సొత్తూ కాదు.

పాడేరు కాఫీ:
మీరంతా కింద మాట్లాడుకుంటున్నారు. కొండ మీదకు కూడా ఒకసారి రండి. రాష్ట్రమంతా ఒకవైపు పోతే అరకు లోక్‌సభ వైకాపాకే వెళ్లింది, గుమ్మా తనూజారాణి గెలిచారు. దాని కింద ఉన్న ఏడు అసెంబ్లీ స్థానాల్లో అయిదు కూటమివి. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, రంపచోడవరం. అసెంబ్లీకి కూటమి, లోక్‌సభకు వైకాపా. ఒకే రోజు, ఒకే మనిషి, రెండు బటన్లు.

సీతమ్మధార శ్రీను:
గుర్తు మారడం వల్లేమో తమ్ముడూ? అసెంబ్లీలో సైకిలో గ్లాసో ఉంది. లోక్‌సభ యంత్రం మీద కమలం ఉంది. సైకిలు కోసం వెతికి దొరకక, తెలిసిన ఫ్యాను నొక్కి ఉంటారు.

పాడేరు కాఫీ:
అలా అనేస్తే మావాళ్లకు చదువు రాదు, బొమ్మ చూసి నొక్కుతారు అన్నట్టే అన్నా. కోపం లేదు కానీ సరిచేస్తాను. పాడేరు అసెంబ్లీలో సైకిలే ఉంది. అయినా ఓడింది. గుర్తు గందరగోళం కొంత ఉండవచ్చు, కాదనను. కానీ కమలం అంటే మా దగ్గర వేరే భయాలు ఉన్నాయి, అడవి హక్కుల గురించి, ఏజెన్సీలో ఉపాధ్యాయ పోస్టులు గిరిజనులకే ఇచ్చిన మూడో నంబరు జీవో కొట్టివేత గురించి. సీపీఎం అభ్యర్థికి కూడా లక్షకు పైగా ఓట్లు వచ్చాయంటే ఆ ఓటరు చూసే నొక్కాడు కదా.

పోలింగు శాతం సంగతి కూడా విను. మీకు ఆరింటి వరకు సమయం. మాకు నాలుగింటికే ముగింపు. మా పెదనాన్న వాళ్ల ఊరి నుంచి కేంద్రానికి అయిదు కిలోమీటర్లు దిగాలి. పొద్దున్నే చద్దన్నం కట్టుకుని బయలుదేరారు, వెళ్లేసరికి తొమ్మిదిన్నర, ఓటు వేసి మళ్లీ ఎక్కేసరికి సాయంత్రం. నీ సీతమ్మధారలో నలుగురు ఎండకు జడిసి ఉండిపోయారు, మా దగ్గర నలుగురు మోకాళ్లకు జడిసి ఉండిపోయారు. రెండూ ‘వేయనివారు’ అనే ఒకే గడిలో పడతాయి.

సీతమ్మధార శ్రీను:
తప్పు నాదే తమ్ముడూ. తొందరపడి అన్నాను.

ఇచ్ఛాపురం సరిహద్దు:
కొండ దాటితే ఇంకో వింత ఉంది. కిరండూల్ ప్యాసింజరులో అరకు దాటి ముందుకు పోతే కొరాపుట్. ఒడిశాలో 21 లోక్‌సభ స్థానాల్లో 20 భాజపావి, మిగిలిన ఆ ఒక్కటి కొరాపుట్, కాంగ్రెస్‌ది. అంటే సరిహద్దుకు ఇటూ అటూ కొండలు తమ రాష్ట్రంలో వీచిన గాలిని పట్టించుకోలేదు. మా ఊరి సంతకు అవతలి నుంచి వచ్చేవాళ్లు బిజూ జనతాదళ్ గురించి ఇప్పటికీ నమ్మలేకుండా మాట్లాడుతున్నారు. లోక్‌సభకు ముప్పై ఏడున్నర శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు సున్నా.

లెక్కల మాస్టారు:
ఇదే మన దగ్గరా చూడండి. 2019 అసెంబ్లీలో తెదేపాకు 39.17 శాతం, సీట్లు 23. 2024లో వైకాపాకు 39.37 శాతం, సీట్లు 11. ఓట్లు ఇంచుమించు అంతే, సీట్లు సగం. ఉత్తరాంధ్ర 34 స్థానాల్లో వైకాపాకు రెండు, అరకు, పాడేరు. ఉభయ గోదావరులు, కృష్ణా, గుంటూరు కలిపి 67 స్థానాల్లో ఒక్కటీ లేదు. ప్రకాశం, నెల్లూరుల్లో రెండు. రాయలసీమ 52లో ఏడు. కోస్తాలో ఆ పార్టీకి ఓటరే లేడా? ఉన్నాడు. చాలా చోట్ల మూడో వంతుకు అటూ ఇటూగా ఉన్నాడు. కానీ అన్నానికి నీళ్లు పోసినట్టు పలచగా అంతటా పరుచుకున్నాడు, ఎక్కడా ముద్ద కట్టలేదు.

దేశంలోనూ అదే తంతు. భాజపా ఓటు 2019 కంటే ఒక శాతం అటూ ఇటూగా తగ్గింది, సీట్లు 303 నుంచి 240కి పడ్డాయి. ఉత్తరప్రదేశ్‌లో 41 శాతం తెచ్చుకున్న భాజపాకు 33, 33 శాతం పైచిలుకు తెచ్చుకున్న సమాజ్‌వాదీకి 37. పొత్తు ఎవరితో అన్నదీ ఒక తేడా.

ఒకటే మాట:
అయితే పోలింగు పెరిగితే ప్రభుత్వం పడిపోతుందన్న మాట తప్పా?

లెక్కల మాస్టారు:
రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ పోలింగు దర్శిలో, 90.91. గెలిచింది అప్పటి అధికార పక్షం వైకాపా. అన్నిటికంటే తక్కువ తిరుపతి నగరంలో, 63.32. గెలిచింది జనసేన. మీరే చెప్పండి నాయనా.

బురుజుపేట టీచరు:
మాస్టారూ, మీ కూడిక మీద ఒక చిన్న ప్రశ్న. 2019లో లక్ష్మీనారాయణ గారికి పడిన 2.88 లక్షలు జనసేనవేనా, ఆయన సొంతవా? మా స్టాఫు రూములో ఆయనకు వేసినవాళ్లు అసెంబ్లీకి వేరే గుర్తుకు వేశామని అప్పుడే చెప్పుకున్నారు. అలాంటప్పుడు ఆ మొత్తాన్ని కూటమి సంచిలో వేసేయవచ్చా?

లెక్కల మాస్టారు:
వేయకూడదు. పట్టుకున్నావమ్మా. కూడిక సరే, ఊహ బలహీనం. 3,18,352 అన్నది గరిష్ఠం అనుకోండి. ఎక్కాల పుస్తకం ఒకటి నాకే ఉంచుకుంటాను.

సీతమ్మధార శ్రీను:
వారం తరవాత రాస్తున్నాను. చనిపోయిన ఇద్దరి పేర్లూ తీసేయమని ఫారం 7 పెట్టాను. బీఎల్‌వోగా, అంటే మా బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారిగా ఉన్న అంగన్‌వాడీ అమ్మాయి నిన్న సాయంత్రం వచ్చింది. 202లో ఎవరూ వినని పేరు గురించి ప్రత్యేకంగా అడిగాను. దొంగ ఓటే అయి ఉంటుందని నా పట్టుదల. ఆ అమ్మాయి పేరు చూసి నవ్వింది. ‘ఈయన నాకు తెలుసు సార్, రెండు వీధుల అవతల ఉంటారు. ఆ అపార్ట్‌మెంటు పేరు కూడా మీ పేరే, చివర టవర్స్ అని ఉంటుంది, అంతే తేడా’ అంది.

ఇద్దరం కలిసి వెళ్లాం. రైల్వేలో చేసి రిటైరైన పెద్దమనిషి. 1977 నుంచి ఒక్క ఎన్నిక తప్పలేదట. ఈసారి ఎప్పుడూ వేసే బడికి వెళ్లి, గంటన్నర వరసలో నిలబడితే, జాబితాలో పేరు లేదన్నారట. ‘తీసేశారేమో అనుకుని ఇంటికి వచ్చేశాను బాబూ’ అన్నారు. ఆయన పేరు మా మెట్ల మీద, మా కేంద్రంలో, నేను కొట్టేయమందామనుకున్న ఇరవై మూడింటిలో భద్రంగా ఉంది.

ఆదివారం ఫారం 8 నింపడానికి మా ఇంటికి వస్తానన్నారు.

పాడేరు కాఫీ:
కాఫీ ఇవ్వు అన్నా ఆయనకు. పొడి నేను పంపిస్తాను.